ఉపదేశి తాత అడిగిన ప్రశ్నలు

రెంటచింతల పేరు చెబితే బయటివాళ్ళకు ఎండ గుర్తొస్తుంది. వేసవి వచ్చిందంటే రేడియో వార్తల్లో, రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ కాసిన ఊరిగా ఆ పేరు వినపడేది. మాకు మాత్రం రెంటచింతల అంటే కానుకమాత గుడి. పండక్కి పిల్లాజెల్లా నడిచి వెళ్ళగలిగేంత దగ్గర్లో ఉండేది మా పల్లె. 1970ల చివర, 80ల మొదట్లో నేను పెరిగింది అక్కడి గూడెంలో. రెండెకరాల కౌలు చేను, నాపరాళ్ళు పరిచిన వసారా, ఊరికీ గూడేనికీ మధ్య చిన్న గుడి.

పల్నాడులో కతోలికులకు తపస్సు కాలమూ మిరపకల్లాలూ ఒక్కసారే వస్తాయి. విభూది బుధవారం నుదుట బూడిద పెట్టించుకునే నాటికి చేలల్లో కోతలు ముమ్మరంగా ఉంటాయి. మ్రానికొమ్మల ఆదివారం వచ్చేసరికి కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉంటాయి. బస్తాలు తొక్కడం, కాటా వెయ్యడం, లారీకెత్తి గుంటూరుకు పంపడం, కూలీల లెక్కలు తేల్చడం, అప్పులవాళ్ళు గుమ్మంలోకి రావడం, అన్నీ ఆ నలభై రోజుల్లోనే. ఏడాది మొత్తంలో మనిషికి మనిషితో డబ్బు పని ఎక్కువగా పడేది అప్పుడే. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చెయ్యాలి, పాస్క కాలంలో సత్ప్రసాదం తీసుకోవాలి అన్న తిరుసభ కట్టడ మీదికొచ్చేదీ అప్పుడే.

విచారణ గురువుకు, మా మాటలో సామికి, చుట్టుపక్కల ఊళ్ళు చాలా ఉండేవి. మా పల్లెకు ఆయన మోటారుసైకిలు మీద వచ్చే ఆదివారాలు తక్కువ. మిగతా రోజుల్లో గుడి భారమంతా ఉపదేశి తాతదే. అది ఆయన ఒక్కడి కథ కాదు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్లు కర్ణాటక మిషను పేరుతో తెలుగు నేల మీద తిరిగి జ్ఞానస్నానాలిచ్చారు. 1773లో జెస్విట్ల సభనే రద్దు చేశారు. గురువులు కరువైపోయారు. ఫిరంగిపురం వంటి చోట్ల 19వ శతాబ్దం చివర మిల్‌హిల్ గురువులు వచ్చి మళ్ళీ నిలబెట్టేదాకా పల్లెల్లో జపాలు చెప్పి, పిల్లలకు నేర్పి, చచ్చినవాళ్ళను సాగనంపింది ఇలాంటి ఉపదేశులూ పెద్దలే. 1940లో గుంటూరు మేత్రాసనం ఏర్పడ్డాక కూడా మారుమూల ఊళ్ళ బరువు వాళ్ళ భుజాలమీదే ఉండింది. వాళ్ళ పేర్లు ఏ గుడి గోడమీదా చెక్కి ఉండవు. అందుకే ఆయన గురించి రాయాలనిపించింది.

తాతది మా గూడెమే. పొద్దున కూలికి వెళ్ళేవాడు, సాయంత్రం కాళ్ళు కడుక్కుని కండువా వేసుకుని గుడి వసారాలో లాంతరు దగ్గర కూర్చునేవాడు. మాకు సిలువ గుర్తు వేసుకోవడం దగ్గర్నుంచి మనస్తాప జపం దాకా నేర్పింది ఆయనే. జ్ఞానోపదేశం పుస్తకం ఆయనకు కంఠోపాఠం. కానీ ఆయన గొప్పతనం ఆ పుస్తకంలో లేని చోట ఉంది.

బళ్ళో మాకో తగువు ఉండేది. పల్నాడు క్రైస్తవం ఒక్క రంగుది కాదు. లూథరన్ మిషనరీ హయ్యర్ 1849లోనే గురజాల వచ్చి మకాం పెట్టాడు. నరసరావుపేట వైపు అమెరికన్ బాప్టిస్టులు. అందువల్ల మా తరగతిలో మూడు సంఘాల పిల్లలమూ ఉండేవాళ్ళం. దొంగతనం చెయ్యొద్దనేది ఎన్నో ఆజ్ఞ? ఏడోదని నేను, ఎనిమిదోదని బాప్టిస్టు పిల్లవాడు. లూథరన్ పిల్లవాడు నా పక్కకొచ్చాడు గానీ ఎందుకో వాడికీ తెలీదు. తగువు తాత దగ్గరికి వెళ్ళింది. నిర్గమకాండం 20వ అధ్యాయంలోనూ ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలోనూ ఆజ్ఞలున్నాయి తప్ప వాటికి అంకెలు లేవనీ, అంకెలు తర్వాతివాళ్ళు వేసుకున్నవనీ ఆయన చెప్పాడు. మనది పునీత అగుస్తీను లెక్క, లూథరు కూడా దాన్నే ఉంచుకున్నాడు. బాప్టిస్టులు విగ్రహాల మాటను విడదీసి రెండో ఆజ్ఞ చేస్తారు, చివర ఆశపడొద్దనే రెంటినీ ఒకటిగా కలుపుతారు. అంతా విన్నాక, “ఏడైనా ఎనిమిదైనా పక్కోడి చేలో దోసకాయ కోస్తే దొంగతనమేరా అబ్బాయిలూ,” అని పంపించేశాడు.

పాస్కకు ముందు సామి పాపసంకీర్తనాలు వినడానికి వచ్చే రోజున, ఆయన వచ్చేలోపు తాత జనాన్నంతా గుడిలో కూర్చోబెట్టి ఆత్మశోధన చేయించేవాడు. ఊరివాళ్ళు ముందు వరసల్లో, గూడెంవాళ్ళం వెనక. అది అప్పటి పద్ధతి. తాత పక్కగా నిలబడి ఒక్కో ఆజ్ఞకూ కొన్ని ప్రశ్నలు అడిగేవాడు. ఎవరూ పైకి జవాబు చెప్పకూడదు. “నాకొద్దు, సామికి చెప్పుకోండి,” అనేవాడు. ప్రశ్న అడిగి కాసేపు ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడంలోనే చాలామంది తలలు దించుకోవడం పిల్లలమైన మాకు కనిపించేది.

ఏడో ఆజ్ఞ దగ్గరికి రాగానే “దొంగతనం చేశారా” అని అడిగేవాడు కాదు. ఆ మాటకు లేదనే అంటారందరూ. “కల్లంలో నీళ్ళు ఎంత చల్లారు?” అని అడిగేవాడు. మిరప పండించనివాళ్ళకు ఈ ప్రశ్న అర్థం కాదు. బాగా ఎండిన కాయను అలాగే గోతంలో వేసి తొక్కితే పొడిపొడి అవుతుంది, గింజ రాలిపోతుంది. కాయ మెత్తబడటానికి కాస్త నీళ్ళు చిలకరించాల్సిందే. అది తప్పు కాదు, పని. కానీ ఆ చిలకరింపు మీద ఇంకో చెంబు, ఆ చెంబు మీద ఇంకో చెంబు పడితే నీళ్ళు కూడా మిరపకాయల ధరకే అమ్ముడుపోతాయి. కొన్నవాడి గోదాములో ఆ బస్తా బూజు పడుతుంది. ఎన్నో చెంబు దగ్గర పని ఆగి పాపం మొదలవుతుందో ఏ జ్ఞానోపదేశం పుస్తకంలోనూ రాయలేదు. చల్లే చేతికి మాత్రం తెలుస్తుంది. అడుగున తాలు కాయలు పోసి పైన ఎర్రకాయ సర్దడం గురించీ అడిగేవాడు. మా నాన్న ఆ ప్రశ్న విన్నాక ఇంటికొచ్చి బస్తా మూతి విప్పి తాలు వేరు చెయ్యడం నేను చూశాను.

తర్వాత కాలవ. నాగార్జునసాగర్ నీళ్ళు 1967లో వదిలారు. కుడికాలవ వచ్చాక మా ప్రాంతంలో మెట్టపైరు తప్ప ఎరగనివాళ్ళు నీటి వంతులు నేర్చుకోవాల్సి వచ్చింది. పైనున్న చేలవాళ్ళు రాత్రిపూట తూము ఎత్తుకుంటే చివరి భూములకు తడి అందదు. చివర ఉండేవి ఎక్కువగా మా కౌలు చేలే. మోషే కాలంలో సాగరు కాలవ లేదు, లస్కరు లేడు. అయినా తాత ఏడో ఆజ్ఞను తూము దగ్గరికి తీసుకొచ్చాడు: “నీ వంతు కాని రాత్రి తూము ఎత్తావా?” ముందు వరసల్లో కూర్చున్న మోతుబరులకు, వాళ్ళ చేలల్లోనే కూలికి వెళ్ళే మనిషి ఆ ప్రశ్న వేసేవాడు. ఆ వెంటనే ఇంకొకటి: “కూలి ఆ సాయంత్రానికే ఇచ్చారా?” పనివాడి కూలి తెల్లారేదాకా అట్టిపెట్టుకోవద్దని లేవీయకాండం చెబుతుంది. కూలి ఎగ్గొట్టడాన్ని ఆకాశానికి మొరపెట్టే పాపాల్లో, ఆబేలు నెత్తురు పక్కనే, తిరుసభ లెక్కపెడుతుంది. మిరపకోతలకు పోయి వేళ్ళు మంటలెక్కి వచ్చే మా అమ్మకు ఆ ప్రశ్న వినడమే ఒక ఊరట అని పెద్దయ్యాక చెప్పింది.

అయిదో ఆజ్ఞ పల్నాడులో పుస్తకంలోని మాట కాదు. కారంపూడిలో వీరుల గుడి ఉన్న సీమ ఇది. ఊరు రెండు పార్టీలుగా చీలితే బావి గట్టు కూడా చీలుతుంది. నాటుబాంబుల చప్పుడు విన్న పిల్లలం మేము. చంపావా అని అడగడానికి తాతకు మనసొప్పేది కాదేమో, “ఎవరింటితోనైనా మాటలు మానేశారా? ఎన్నేళ్ళయింది?” అని అడిగేవాడు. కత్తి దాకా వెళ్ళిన ప్రతి పగా మాటలు మానెయ్యడంతోనే మొదలైందని ఆయన కళ్ళతో చూశాడు.

ఒక ఏడాది మా గూడెంలో ఒక కౌలురైతు ఎండ్రిన్ పురుగుమందు తాగి చనిపోయాడు. ఆ రోజుల్లో అమల్లో ఉన్న 1917 నాటి తిరుసభ చట్టం ప్రకారం తెలిసి ప్రాణం తీసుకున్నవాళ్ళకు గుడి తరఫున అంత్యక్రియలు లేవు. పెద్దలు సమాధుల దొడ్డిలోకి రానివ్వలేదు. గోడ బయట గుంట తీశారు. సామి రాలేదు. తాత మాత్రం కండువా వేసుకుని వచ్చి, గుంట పక్కన నిలబడి జపమాల మొత్తం చెప్పించాడు. అడ్డుపడ్డవాళ్ళకు, “చివరి క్షణంలో వాడికీ సర్వేశ్వరుడికీ మధ్య ఏం నడిచిందో నువ్వు చూశావా అయ్యా?” అన్నాడు. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ నిషేధం తీసేశారు. అలాంటి మరణాల్లోనూ దేవుడు పశ్చాత్తాపానికి దారి చూపగలడనీ, వాళ్ళకోసం తిరుసభ ప్రార్థిస్తుందనీ 1992 నాటి సత్యోపదేశ గ్రంథం రాసింది. గోడ బయట జపమాల చెప్పిన మనిషి అంతకు ముందే అక్కడికి చేరాడు.

మరుసటి తపస్సు కాలంలో ఆత్మశోధనలో అయిదో ఆజ్ఞ కింద ఒక కొత్త ప్రశ్న వచ్చి చేరింది. “అప్పు కోసం ఎవరి గడపైనా తొక్కి పదిమందిలో అవమానించావా?”

నా చిన్నతనంలో నేను చూసిన అతి పెద్ద విషయం అదేనని ఇప్పుడనుకుంటున్నాను. ఆజ్ఞ మారలేదు. ప్రశ్న మారింది. దేవుడి మాట సీనాయి కొండమీద ఉన్నట్టే ఉంది, దాన్ని మా వీధిలోకి, మా కల్లంలోకి తెచ్చే పని మాత్రం ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు చెయ్యాలి. ఈ కాలంలో దేవుని ఆజ్ఞలు ఎవరు పాటిస్తున్నారని నిట్టూర్చేవాళ్ళను చాలామందిని చూస్తుంటాను. పాటించకపోవడానికి మొదటి కారణం జనం చెడిపోవడం కాదు. మనల్ని మనం పాత ప్రశ్నలే అడుక్కుంటున్నాం. పాత ప్రశ్నలకు నిజాయితీగానే, లేదని జవాబిస్తున్నాం. పాపం ఈలోగా వేరే చోటికి వెళ్ళిపోయింది.

1997-98లో పత్తి రైతుల చావుల్లో వరంగల్ పేరు ఎక్కువగా వినిపించింది గానీ అప్పటి మన గుంటూరు జిల్లా పల్లెలూ ఆ దుఃఖం ఎరిగినవే. ఆ చావుల వెనక పచ్చపురుగు ఉంది, వాన ఉంది, పనిచెయ్యని మందు ఉంది, మందూ అప్పూ ఒకే కొట్లో ఇచ్చిన వ్యాపారం ఉంది. నకిలీ విత్తనం అమ్మినవాడు ఆదివారం పూజకు వచ్చి ఏడో ఆజ్ఞ దగ్గరే ఆగిపోతే చాలదు. అతను అయిదో ఆజ్ఞ దగ్గర కూడా ఆగాలి. వ్యాపారంలో మోసం, అన్యాయపు కూలి, ఎదుటివాడి అవసరం చూసి ధర పెంచడం, పన్ను ఎగవేత, చేసే పని సరిగా చెయ్యకపోవడం, ఇవన్నీ ఏడో ఆజ్ఞ కిందికే వస్తాయని సత్యోపదేశం స్పష్టంగా చెబుతుంది. తాగి బండి నడపడాన్నీ, జనం మధ్య అతివేగాన్నీ అయిదో ఆజ్ఞ కింద పెట్టింది. మాచర్ల రోడ్డుమీద ఆదివారం సాయంత్రాలు చూసినవాళ్ళకు దాని అవసరం వివరించక్కర్లేదు.

ఆదివారం మాట వచ్చింది కాబట్టి. కల్లంలో కాయ ఉండగా మబ్బు పట్టిందంటే, “పోండి, పట్టా కప్పి రండి, బావిలో పడ్డ ఎద్దును పైకి లాగొద్దని యేసుప్రభువు అనలేదు,” అని తాతే జపం ఆపి పంపేవాడు. మూడో ఆజ్ఞను ఆయన మనిషి మెడకు కట్టలేదు. ఇప్పుడు మన పిల్లలు హాస్టళ్ళలో ఉంటారు. ఆదివారం పొద్దున్నే పరీక్ష పెడతారు. ఏళ్ళ తరబడి పూజ లేదు, విశ్రాంతి లేదు, ఇంటివాళ్ళతో కలిసి ఒక పూట అన్నం లేదు. ఫీజు కట్టేటప్పుడు ఒక్క తండ్రి అయినా, “ఆదివారం మా పిల్లను గుడికి పంపుతారా?” అని అడిగాడా? మూడో ఆజ్ఞకు ఈ కాలపు ప్రశ్న ఇది. దాన్ని పిల్లను కాదు, తల్లిదండ్రులను అడగాలి.

నాలుగో ఆజ్ఞ చిన్నప్పుడు పిల్లల ఆజ్ఞలా ఉండేది. అమ్మకు ఎదురు చెప్పావా, నాన్న చెప్పిన పని చేశావా. దాని అసలు బరువు యాభై ఏళ్ళవాళ్ళ మీద ఉంది. మా ఊళ్ళో ఇప్పుడు తాళాలు వేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి, తాళం వెయ్యని ఇళ్ళలో ఒంటరి ముసలివాళ్ళున్నారు. బిడ్డలు హైదరాబాదులో, డాలసులో. వయోవృద్ధుల పోషణకు 2007లో చట్టమొచ్చింది. ఆస్తి రాయించుకుని చూడని బిడ్డమీద ఆర్డీవో దగ్గరికి వెళ్ళవచ్చు, షరతు పెట్టి రాసిచ్చినది వెనక్కి తీసుకోవచ్చు. దేవుడు చెప్పినది అధికారి చేత చెప్పించుకోవాల్సిన రోజు ఏ తల్లికీ రాకూడదు.

ఎనిమిదో ఆజ్ఞ ఇప్పుడు జేబులోనే ఉంటుంది. నిజమో కాదో చూడకుండా ఫోనులో ఒక ఆడపిల్ల గురించి, ఒక గురువు గురించి, పక్క మతంవాళ్ళ గురించి ముందుకు పంపించే ప్రతి మాటా అబద్ధ సాక్ష్యమే. నిజమైనా సరే, అవసరం లేకుండా ఒకరి తప్పును నలుగురిలో పెట్టడం కూడా తప్పేనని మన సత్యోపదేశం అంటుంది. ఇది చాలామందికి తెలీదు.

తాత ఒక ప్రశ్న ఎన్నడూ అడగలేదు. మా గూడెంలో చాలామందికి రెండు పేర్లు. జ్ఞానస్నాన పుస్తకంలో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలోకి రాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు, మాకు తియ్యలేదు. బీసీ-సీలో ఒక్క శాతం వాటా మిగిలింది. యేసును నమ్మినంత మాత్రాన అంటరానితనం పోని ఊళ్ళో, అది పోయిందని కాగితం అంటుంది. ఆకలికీ పేరుకూ మధ్య నలిగిన తల్లులను ఎనిమిదో ఆజ్ఞ కింద నిలదియ్యడానికి తాతకు నోరు రాలేదు. నాకూ రాదు. ఆ ప్రశ్న ఆ ఉత్తర్వును నిలబెడుతున్నవాళ్ళను అడగాలి.

గుడి లోపల అడగాల్సినది మొదటి ఆజ్ఞ దగ్గర ఉంది. దేవుడికంటే పైన దేన్ని కూర్చోబెట్టాం? కులాన్ని. ముందు వరస, వెనక వరస, వేరు వేరు సమాధుల దొడ్లు, ఇవి మన గుళ్ళలో జరిగినవే. దళితుల విషయంలో తిరుసభలోని వివక్షను ఒప్పుకుంటూ భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో ఒక విధానపత్రం తెచ్చింది. 2022 ఆగస్టులో మన తెలుగువారైన పూల అంతోని గారు దళితుల్లోంచి వచ్చిన మొదటి కార్డినల్ అయ్యారు. సంతోషమే. మన విచారణల్లో పెళ్ళి సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు మాత్రం మొదటి ఆజ్ఞను గుమ్మం బయటే వదిలేస్తున్నాం. పెళ్ళికి ముందు గుడిలో మూడు ఆదివారాలు చాటింపు వేస్తారు. పెళ్ళికొడుకు తీసుకున్న కట్నం ఆ చాటింపులో ఉండదు. 1961 నుంచి నేరమైనది, పదో ఆజ్ఞ కింద ఎప్పట్నుంచో పాపమైనది, పూజాపీఠం ముందుదాకా నడిచి వస్తోంది.

తాత ఉన్న గుడి పడగొట్టి పెద్దది కట్టారు. మైకు వచ్చింది, పంకాలు వచ్చాయి. పాస్క ముందు ఆత్మశోధనకు అచ్చువేసిన కాగితం పంచుతున్నారు. మంచి కాగితమే, ఏ దేశంలోనైనా పనికొస్తుంది. అందులో చెంబుడు నీళ్ళ ప్రశ్న లేదు, తూము లేదు, కూలి లేదు.

విచారణ గురువులకూ, ఉపదేశులకూ, మఠకన్యలకూ, మరియదళం అక్కలకూ నా మనవి ఇది. వచ్చే విభూది బుధవారానికి ముందు ఒక సాయంత్రం మీ ఊరి రైతునూ, కూలికి వెళ్ళే అమ్మనూ, కొట్టు నడిపేవాణ్ణీ, కాలేజీ పిల్లనూ కూర్చోబెట్టండి. పది ఆజ్ఞలకూ మీ ఊరి ప్రశ్నలు మీరే రాసుకోండి. ముందు వరసా వెనక వరసా లేకుండా అందరూ కలిసి కూర్చున్నప్పుడు వాటిని పైకి చదవండి. చదివాక కాసేపు ఊరుకోండి.